నొప్పి పూర్తిగా పోయేదాకా ఆగాలా?

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు. ఎనిమిదేళ్ళుగా నడుము నొప్పితో బాధపడుతున్నాను. దెబ్బ తగిలి రాలేదు, బరువెత్తి రాలేదు. ఎప్పుడు మొదలైందో కూడా సరిగ్గా చెప్పలేను. మూడేళ్ళ నుంచి మోకాళ్ళు కూడా తోడయ్యాయి. ఎమ్మారైలో డిస్క్ బల్జ్ ఉందన్నారు. మోకాళ్ళ ఎక్స్‌రేలో గుజ్జు కొంచెం అరిగిందన్నారు. బెల్టు వాడాను, నడుమును బరువులతో లాగే ట్రాక్షన్ పెట్టించుకున్నాను, కరెంట్ పెట్టించుకున్నాను. నొప్పి బిళ్ళలు వేసుకున్నన్నాళ్ళు చాలా బాగుంటుంది, ఆపగానే మళ్ళీ మొదటికొస్తుంది. పొద్దున లేచాక గంటసేపు నడుము కొయ్యబారిపోయి ఉంటుంది, పనిలో పడ్డాక సర్దుకుంటుంది. వంగొద్దు, మెట్లెక్కొద్దు, బరువులెత్తొద్దు అన్నారని ఒక్కొక్కటే మానేస్తూ వచ్చాను. బరువు పెరిగాను. ఇంట్లో ఏమో ‘స్కాన్‌లో పెద్దగా ఏమీ లేదన్నారు కదా’ అంటారు. ఇదంతా నా భ్రమేమో అని నాకే అనుమానం వస్తోంది. ఈ నొప్పి పూర్తిగా పోయే దారి ఏదైనా ఉందా? వచ్చే నెల మా అక్కను చూడడానికి ఎనిమిది గంటలు రైల్లో వెళ్ళాలి. మానుకోమంటారా?

సమాధానం: ముందు భ్రమ సంగతి తేల్చేద్దాం. మీ నొప్పి నిజం. స్కాన్‌లో కనబడినంత మేరకే నొప్పి ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. నొప్పి మీద పనిచేసే నిపుణుల అంతర్జాతీయ సంఘం 2020లో నొప్పి నిర్వచనాన్ని సవరించినప్పుడు, కణజాలం దెబ్బతిన్నప్పుడు కలిగేదే కాదు, దెబ్బతిన్నట్టు అనిపించేది కూడా నొప్పేనని చెప్పింది. మనిషి ‘నాకు నొప్పిగా ఉంది’ అంటే ఆ మాటను గౌరవించాలని కూడా అందులోనే ఉంది. మూడు నెలలు దాటి ఉండిపోయిన నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటారు. 2022 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో దానికి విడిగా ఒక చోటు కూడా ఉంది. మీరు తోడు లేని మనిషి కూడా కాదు. ఆ సంస్థ లెక్క ప్రకారం 2020లో ప్రపంచంలో 61.9 కోట్ల మంది నడుము నొప్పితో ఉన్నారు. మనుషులు రోజువారీ పనులు చేసుకోలేకపోవడానికి కారణమయ్యే సమస్యల్లో అన్నిటికంటే ముందున్నది అదే.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో డిస్క్ గురించి, గుజ్జు గురించి రాసిన వాక్యాల కంటే, మధ్యలో మీరు మామూలుగా చెప్పి వదిలేసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. పొద్దున గంటసేపు నడుము కొయ్యబారి ఉంటుంది, పనిలో పడ్డాక సర్దుకుంటుంది అన్నారు. దయచేసి ఈ మాట మీ డాక్టరుకు విడిగా, స్పష్టంగా చెప్పండి. ఇప్పటిదాకా ఎవరైనా దీని గురించి అడిగారో లేదో మీరు రాయలేదు. అడిగి ఉండకపోవచ్చని నా భయం.

అరుగుదల వల్ల, కండరాల వల్ల వచ్చే నొప్పి సాధారణంగా పని చేసేకొద్దీ పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. పొద్దున బిగుతు ఉన్నా అరగంట లోపే వదిలిపోతుంది. దానికి తిరగబడ్డ రకం ఇంకొకటుంది. అది విశ్రాంతి తీసుకుంటే తగ్గదు, పైగా పెరుగుతుంది. తెల్లవారుజామున నొప్పికి మెలకువ వస్తుంది. లేచి కాసేపు తిరిగితే హాయిగా ఉంటుంది. పొద్దున బిగుతు అరగంట దాటి ఉంటుంది. ఏ దెబ్బా లేకుండా, నలభై అయిదేళ్ళ లోపు వయసులో, నెమ్మదిగా మొదలవుతుంది. నొప్పి బిళ్ళలకు బాగా లొంగుతుంది. ఇది లోపలి వాపు వల్ల వచ్చే నడుము నొప్పి. ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్, దాని బంధువులైన జబ్బులు ఈ కోవలోకి వస్తాయి. శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే వెన్నెముక కింది భాగంలోని కీళ్ళ మీద దాడి చేయడం దీనికి మూలం.

మీ ఉత్తరంలో ఉన్న వివరాల్లో నాలుగైదు దీనికి సరిపోతున్నాయి. అంతమాత్రాన మీకు ఇదే ఉందని నేను అనడం లేదు, ఉత్తరం చదివి అలా చెప్పకూడదు కూడా. కానీ తేల్చుకోకుండా వదిలేయకూడనిది ఇది. ఈ జబ్బును గుర్తించడంలో ఏళ్ళ తరబడి ఆలస్యం జరగడం ప్రపంచమంతటా ఉన్నదే. ఆడవాళ్ళలో ఆ ఆలస్యం ఇంకా ఎక్కువ, ఎందుకంటే చాలాకాలం దీన్ని మగవాళ్ళ జబ్బుగానే అనుకున్నారు.

‘ఎమ్మారై తీశారు కదా, ఉంటే అందులో తెలియదా?’ అని మీకు అనిపించవచ్చు. తెలియకపోవచ్చు. డిస్కుల కోసం తీసే నడుము ఎమ్మారైలో, ఈ జబ్బు మొదట తగిలే సాక్రోఇలియాక్ కీళ్ళు, అంటే వెన్నెముక కటి ఎముకతో కలిసే చోట ఉండే రెండు కీళ్ళు, సరిగ్గా కనబడవు. వాటి కోసం విడిగా తీయాలి. ఒంట్లో వాపును చూపించే ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ రక్తపరీక్షలు నార్మల్‌గా వచ్చినా ఈ జబ్బు ఉండొచ్చు. హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే పరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టూ కాదు, నెగెటివ్ వస్తే లేనట్టూ కాదు. ఇవన్నీ కలిపి చూసి చెప్పాల్సింది రుమటాలజిస్ట్, అంటే కీళ్ళవాపు జబ్బుల నిపుణులు. ఎముకల డాక్టర్ల దగ్గరికి చాలాసార్లు వెళ్ళి ఉంటారు. ఈసారి రుమటాలజిస్ట్‌ను కలవండి.

వెళ్ళే ముందు ఒక కాగితం మీద కొన్ని విషయాలు రాసుకోండి. బిగుతు ఎంతసేపు ఉంటోంది, రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తోంది, నొప్పి పిరుదుల్లో ఒకసారి ఇటు ఒకసారి అటు మారుతోందా, మడమ నొప్పి ఉందా, ఎప్పుడైనా కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోయారా, సోరియాసిస్ ఉందా, ఎక్కువ రోజులు విరేచనాలు పట్టుకున్నాయా, దగ్గరి బంధువుల్లో ఇలాంటి నొప్పి ఎవరికైనా ఉందా. చేతి వేళ్ళ చిన్న కీళ్ళు రెండు వైపులా వాచి, పొద్దున పిడికిలి బిగించలేకపోతుంటే అది కూడా రాయండి. అది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే ఇంకో కీళ్ళవాపు జబ్బు వైపు చూపించే గుర్తు, దాని పరీక్షలు వేరు. మోకాళ్ళలో వాపు, వేడి ఉన్నాయో లేదో కూడా చెప్పండి. వాపు నొప్పి అని తేలితే భయపడొద్దు. నన్నడిగితే అది ఒకరకంగా మంచి వార్తే. ఎందుకంటే దానికి నేరుగా పనిచేసే మందులున్నాయి. వాటికి లొంగని వాళ్ళకు గత ఇరవై ఏళ్ళుగా వచ్చిన, రోగనిరోధక వ్యవస్థ దాడిని అడ్డుకునే బయోలాజిక్ ఇంజెక్షన్లు ఉన్నాయి. ఎనిమిదేళ్ళుగా మీరు వెతుకుతున్న ఉపశమనంలో పెద్ద భాగం అక్కడే దొరకొచ్చు.

తేలకపోతే? అప్పుడు కూడా దారి ఉంది. ఇకపై రాసేది రెండు సందర్భాలకూ వర్తిస్తుంది.

డిస్క్ బల్జ్, అంటే వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్ కొంచెం ఉబ్బి ఉండటం, అనే మాట మీ మనసులో పెద్ద భయంగా కూర్చుని ఉంటుంది. ‘వంగితే ఆ డిస్క్ ఇంకా బయటికొచ్చి నరాన్ని నొక్కేస్తుంది’ అన్న ఊహ మీలో ఉండి ఉంటుంది. 1994లో అమెరికాలో ఒక పరిశోధన చేశారు. నడుము నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీసి చూస్తే, సగానికి పైగా మందికి, 52 శాతం మందికి, కనీసం ఒకచోట డిస్క్ బల్జ్ ఉంది. 2015లో అలాంటి అధ్యయనాలన్నిటినీ కలిపి లెక్కగట్టారు. ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్ళవాళ్ళలోనే 30 శాతం మందికి బల్జ్ కనబడింది, ఎనభై ఏళ్ళవాళ్ళలో 84 శాతం మందికి. అంటే వయసుతో పాటు జుట్టులో, చర్మంలో వచ్చే మార్పుల వంటివే ఇవి కూడా. డిస్క్ నిజంగా జారి నరాన్ని ఒత్తితే కాలంతా జివ్వున లాగుతుంది, తిమ్మిరెక్కుతుంది. దాన్ని సయాటికా అంటారు. ఎక్కువ మందిలో అది కూడా వారాల్లో, నెలల్లో తగ్గుతుంది. బయటికొచ్చిన డిస్క్ ముక్కను శరీరమే నెమ్మదిగా కరిగించుకోవడం కూడా తరచూ జరుగుతుంది. మీరు కాలు లాగడం గురించి, తిమ్మిరి గురించి ఒక్క మాట కూడా రాయలేదు. కాబట్టి ఆ రిపోర్టును బీరువాలో పెట్టేయండి. దాన్ని మళ్ళీ మళ్ళీ చదవడం వల్ల నడుము బిగుసుకోవడం తప్ప ప్రయోజనం లేదు.

మోకాళ్ళ గుజ్జు అరగడం గురించి కూడా అంతే. ఎక్స్‌రేలో అరుగుదల ఎంత ఉందన్నదానికీ నొప్పి ఎంత ఉందన్నదానికీ పొంతన తక్కువ. బాగా అరిగిన మోకాళ్ళతో హాయిగా తిరిగేవాళ్ళున్నారు, కొంచెమే అరిగినా మెట్లెక్కలేని వాళ్ళున్నారు. ‘వాడితే ఇంకా అరిగిపోతుంది’ అనేది మనలో చాలామందికి బలంగా ఉన్న నమ్మకం, కానీ మోకాలు యంత్రం కాదు. గుజ్జులో రక్తనాళాలు లేవు. కీలు కదిలినప్పుడు లోపలి ద్రవం దాని మీద ఒత్తిడితో ఆడుతుంది, గుజ్జుకు పోషణ అందేది అలాగే. కదలకుండా ఉంచిన కీలు బాగుపడదు, దానికి ఆకలేస్తుంది.

మరి ఏదీ పెద్దగా పాడవకపోతే ఇంత నొప్పి ఎందుకు? నొప్పి ఎముకలోనో డిస్కులోనో తయారై నేరుగా మెదడుకు చేరేది కాదు. దారిలో వెన్నుపాములో ఆ సంకేతం పెరగొచ్చు, తగ్గొచ్చు అని మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లోనే చెప్పారు. తర్వాతి పరిశోధనల్లో తేలిందేమంటే, నెలల తరబడి నొప్పి సంకేతాలు వస్తూ ఉంటే ఆ నరాల వ్యవస్థే సున్నితమైపోతుంది. ఎండకు కమిలిన వీపు మీద గోరువెచ్చని నీళ్ళు పోసినా మండుతుంది కదా, నీళ్ళలో తప్పేమీ లేకపోయినా. అలాగే మామూలుగా వంగడం, కూర్చోవడం వంటివి కూడా నొప్పిగా చేరతాయి. నిద్రలేమి, ఆందోళన, ‘ఏదో అయిపోతుంది’ అన్న టెన్షన్ ఈ సున్నితత్వాన్ని పెంచుతాయి. మంచి నిద్ర, కదలిక, భయం తగ్గడం దీన్ని తగ్గిస్తాయి. ఇది తగ్గించుకోదగ్గ స్థితి అన్నదే ఇందులో మీరు పట్టుకోవాల్సిన మాట.

మీరు ఇప్పటిదాకా పెట్టుకున్న వరుస ‘నొప్పి పోతుంది, అప్పుడు పనులు మొదలుపెడతాను’ అన్నది. నేను మిమ్మల్ని మార్చమని అడుగుతున్నది ఆ వరుసనే. పనులు కొంచెం కొంచెంగా ముందు మొదలవుతాయి, నొప్పి వాటి వెనకాల నెమ్మదిగా తగ్గుతుంది. కొన్నిసార్లు చాలా తగ్గుతుంది, కొన్నిసార్లు కొంతే తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాటిచ్చేవాళ్ళను మీరు ఇప్పటికే చూసే ఉంటారు. నేను ఆ మాట ఇవ్వను. కానీ నొప్పి కొంత మిగిలినా జీవితం వెనక్కి వస్తుందని మాత్రం ధైర్యంగా చెప్పగలను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చేవాళ్ళలో అది నేను చూస్తూనే ఉన్నాను.

1986లో నడుము పట్టేసిన వాళ్ళలో కొందరిని రెండు రోజులు, కొందరిని ఏడు రోజులు పడుకోమని చెప్పి పోల్చి చూశారు. ఏడు రోజులు పడుకున్నవాళ్ళకు అదనంగా ఒరిగిందేమీ లేదు, పైగా వాళ్ళు పనికి ఎక్కువ రోజులు దూరమయ్యారు. నడక గురించి 2024లో ఆస్ట్రేలియా నుంచి ఒక అధ్యయనం వచ్చింది. నడుము నొప్పి తగ్గిన 701 మందిలో కొందరికి ఫిజియోథెరపిస్ట్ సాయంతో నడకను క్రమంగా పెంచుతూ, వారానికి అయిదు రోజులు అరగంట చొప్పున నడిచేలా చేశారు. మిగతావాళ్ళలో సగం మందికి 112 రోజుల్లోపే నొప్పి తిరగబెడితే, నడిచినవాళ్ళకు ఆ గడువు 208 రోజులకు పెరిగింది. ఖర్చు లేని నడక ఇంత పని చేస్తుందంటే, బెల్టుల మీద, యంత్రాల మీద మనం పెట్టిన నమ్మకాన్ని ఒకసారి సరిచూసుకోవాలి.

ఆ మాటకొస్తే, 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుము నొప్పి మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో, నడుము బెల్టులు, ట్రాక్షన్, అల్ట్రాసౌండ్ చికిత్స, టెన్స్ అనే కరెంట్ చికిత్స మామూలుగా వాడొద్దనే చెప్పింది. చేయమన్న వాటిలో వ్యాయామం, నొప్పి గురించి సరైన అవగాహన, ఆలోచనల తీరును సరిచేసే కౌన్సెలింగ్, మసాజ్ వంటివి ఉన్నాయి. మీరు చేయించుకున్నవి పని చేయకపోవడంలో మీ లోపం ఏమీ లేదు. అవి అందరికీ పని చేసేవి కావు.

ఎలా మొదలుపెట్టాలన్నది ఇప్పుడు చూద్దాం, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే దెబ్బతింటారు. నొప్పి తక్కువగా ఉన్న రోజు ఉత్సాహంగా మిగిలిపోయిన పనులన్నీ చేసేస్తారు. మర్నాడు లేవలేరు. మూడు రోజులు మంచం మీద. మళ్ళీ బాగున్న రోజు మళ్ళీ అదే. ఇలా ఏళ్ళు గడిస్తే చేయగలిగింది పెరగదు, తగ్గుతుంది. దీన్ని ఆపాలంటే పనికి కొలత నొప్పి కాకూడదు, గడియారం కావాలి. బాగాలేని రోజున కూడా మీరు ఎంతసేపు నడవగలరో చూసుకోండి. పది నిమిషాలనుకుందాం. ఏడెనిమిది నిమిషాలతో మొదలుపెట్టండి. బాగున్న రోజూ అంతే, బాగాలేని రోజూ అంతే. వారం గడిచాక ఒక నిమిషం పెంచండి. బాగున్న రోజున ఆగడమే ఇందులో కష్టమైన భాగం. ఆగండి.

నడకతో పాటు కండరాలకు బలం కావాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి, నెమ్మదిగా కూర్చోవడం మోకాళ్ళకు మంచి వ్యాయామం. కుర్చీ తక్కువ ఎత్తులో ఉంటే కష్టం, మొదట్లో దిండు వేసి ఎత్తు పెంచుకోండి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుమును పైకి లేపడం పిరుదులకు, వీపుకు బలాన్నిస్తుంది. చేతులు, మోకాళ్ళ మీద ఆని ఎదురెదురు చేయి, కాలు చాచడం ఇంకొకటి. ఏ వ్యాయామం గొప్పదన్న వాదన అనవసరం. యోగా కావచ్చు, ఈత కావచ్చు, జిమ్ కావచ్చు, మీరు మానకుండా చేయగలిగేదే మీకు మంచిది. మొదటి కొన్ని వారాలు ఒక ఫిజియోథెరపిస్ట్ పక్కన ఉంటే ధైర్యంగా ఉంటుంది. కానీ మిమ్మల్ని పడుకోబెట్టి యంత్రం పెట్టి పంపేవాళ్ళు కాకుండా, మీచేత చేయించేవాళ్ళను ఎంచుకోండి.

చేసేటప్పుడు నొప్పి కొంచెం పెరిగితే భయపడొద్దు. మర్నాటికల్లా మునుపటి స్థితికి వస్తే మీరు సరైన మోతాదులోనే ఉన్నట్టు. మర్నాడు కూడా తగ్గకపోతే కొంచెం తగ్గించండి, మానొద్దు. వంగడం కూడా అంతే. వెన్నెముక వంగడానికే ఉంది. మోకాళ్ళు మడిచి, వస్తువును ఒంటికి దగ్గరగా తీసుకుని, తేలికైన వాటితో మొదలుపెట్టి వంగడాన్ని తిరిగి అలవాటు చేసుకోండి.

బరువు గురించి మీరే రాశారు కాబట్టి ఒక్క మాట. అధిక బరువు, మోకాలి ఆస్టియో ఆర్థరైటిస్ (అరుగుదల) ఉన్నవాళ్ళ మీద 2005లో చేసిన అధ్యయనంలో, ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద భారం నాలుగు కిలోలు తగ్గుతుందని తేలింది. మూడు నాలుగు కిలోలు తగ్గినా మోకాళ్ళకు అది తెలుస్తుంది. ఆ బరువు మీ తప్పు వల్ల వచ్చిందని మాత్రం అనుకోకండి. అన్నీ మానేయమంటే ఎవరికైనా వస్తుంది.

మందుల విషయంలో నాకు మీ గురించి కొంచెం ఆందోళనగా ఉంది. మీరు వేసుకునే బిళ్ళల పేర్లు రాయలేదు. స్ట్రిప్ మీద పెద్దక్షరాల్లో ఉన్న బ్రాండ్ పేరు కాదు, దాని కింద చిన్నక్షరాల్లో ఉన్న మందు పేరు చూడండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, ఎటోరికాక్సిబ్, వీటిలో ఏదైనా సరే ఒకే కుటుంబం. వేర్వేరు డాక్టర్లు రాసిన రెండు బ్రాండ్లలో ఒకే రకం మందు ఉండి, తెలియకుండా రెట్టింపు మోతాదు మింగేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఈ కుటుంబం మందులు నొప్పికి బాగా పనిచేస్తాయి, కానీ సొంతంగా నెలల తరబడి వాడితే కడుపులో పుండ్లు పడొచ్చు, రక్తస్రావం కావొచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు, బీపీ పెరగొచ్చు, గుండెకు ప్రమాదం పెరగొచ్చు. బీపీ, సుగర్, కిడ్నీ సమస్య, ఎసిడిటీ ఉంటే ఇంకా జాగ్రత్త. పారాసిటమాల్ కలిసిన బిళ్ళలు కూడా లెక్క చూసుకోవాలి. పెద్దవాళ్ళకు రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు, లివర్ సమస్య ఉంటే అంతకంటే తక్కువ. మోకాళ్ళకైతే డైక్లోఫెనాక్ జెల్ రాసుకోవడం మంచి ప్రత్యామ్నాయం. అది రక్తంలోకి చాలా తక్కువ చేరుతుంది. నడుము దగ్గర కీళ్ళు లోతుగా ఉంటాయి కాబట్టి అక్కడ అంత ఆశ పెట్టుకోవద్దు.

వాపు నొప్పి అని తేలితే ఇదే రకం బిళ్ళలను డాక్టరు కొన్ని వారాలు రోజూ వాడమనొచ్చు. అది వేరు. పరీక్షలు చేస్తూ, కడుపుకు రక్షణగా ఇంకో మందు ఇస్తూ వాడించడానికీ, షాపులో అడిగి తెచ్చుకుని వేసుకోవడానికీ చాలా తేడా ఉంది.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. పేరు లేని పొడులు, లేబుల్ లేని బిళ్ళలు ఎవరిచ్చినా వద్దు. రెండు రోజుల్లో నొప్పి మాయం చేసే మూలికల మందుల్లో స్టెరాయిడ్ కలిసి ఉండటం చాలా చోట్ల బయటపడింది. అద్భుతంగా పనిచేస్తుంది కాబట్టే జనం నమ్ముతారు. కొన్నాళ్ళకు ముఖం ఉబ్బుతుంది, సుగర్ పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. అప్పటికే అలవాటైపోయిన ఒంటికి దాన్ని హఠాత్తుగా ఆపడం కూడా ప్రమాదమే. అలాంటివి మీరు ఇప్పటికే వాడుతుంటే దాచకుండా డాక్టరుకు చెప్పి నెమ్మదిగా మానండి.

గ్లూకోసమైన్ బిళ్ళలు గుజ్జును పెంచుతాయని ఎవరైనా చెప్పి ఉంటారు. 2006లో 1,583 మంది మీద చేసిన పెద్ద పరీక్షలో మొత్తం మీద అవి ఉత్తుత్తి బిళ్ళల కంటే గట్టిగా మెరుగని తేలలేదు. విటమిన్ డి మాత్రం ఒకసారి పరీక్ష చేయించుకోవచ్చు. బాగా తక్కువగా ఉంటే ఎముకల్లో సలుపు, కండరాల్లో నీరసం వస్తాయి. తక్కువ లేకుండా పెద్ద మోతాదులు మింగితే రక్తంలో కాల్షియం పెరిగి మరో సమస్య.

నిద్ర గురించి మీరు ఏమీ రాయలేదు, కానీ ఎనిమిదేళ్ళ నొప్పితో నిద్ర బాగుంటుందని నేను అనుకోను. గట్టి బల్ల మీద పడుకుంటే నడుముకు మంచిదని చాలామంది చెబుతారు. 2003లో 313 మంది మీద పోల్చి చూస్తే, బాగా గట్టి పరుపు కంటే మధ్యస్థంగా ఉన్నదే నొప్పిని ఎక్కువ తగ్గించింది. పక్కకు తిరిగి పడుకునేటప్పుడు మోకాళ్ళ మధ్య ఒక దిండు పెట్టుకోండి. రోజూ ఒకే వేళకు లేవండి, రాత్రి ఎలా గడిచినా సరే. చాలా రోజులుగా దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం ఉంటే అది కూడా చెప్పండి. నొప్పితో పాటు డిప్రెషన్ రావడం మామూలు, దానికి చికిత్స చేస్తే నొప్పి భారం కూడా తగ్గుతుంది. మానసిక వైద్యుడి దగ్గరికి పంపితే ‘నా నొప్పిని నమ్మలేదు’ అనుకోకండి.

ఇంట్లో వాళ్ళకు ఈ సమాధానం చదివి వినిపించండి. వాళ్ళు మిమ్మల్ని నమ్మక అలా అనడం లేదు, స్కాన్‌ను మరీ ఎక్కువగా నమ్మి అంటున్నారు. వాళ్ళు చేయగలిగిన సాయం మీ పనులన్నీ లాక్కోవడం కాదు. సాయంత్రం మీతో కలిసి ఆ ఎనిమిది నిమిషాలు నడవడం. ‘నొప్పి ఎలా ఉంది?’ అని పదేపదే అడగడం తగ్గించి ‘ఇవాళ ఏం చేశావు?’ అని అడగమనండి.

కొన్ని లక్షణాలకు మాత్రం ఈ ఓపిక పనికిరాదు. మూత్రం, మలం మీద పట్టు తప్పినా, మూత్రం రావడమే ఆగినా, తొడల మధ్య, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, కాళ్ళలో బలం తగ్గిపోతున్నా ఆ గంటలోనే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళాలి. అక్కడ ఆలస్యం శాశ్వత నష్టానికి దారితీస్తుంది. నొప్పితో పాటు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గతంలో కేన్సర్ వచ్చి ఉండటం, పడిన తర్వాత కొత్తగా వచ్చిన తీవ్రమైన నొప్పి, ఒకే కీలు హఠాత్తుగా వాచి ఎర్రబడి వేడెక్కడం, వీటిలో ఏది ఉన్నా వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఆపరేషన్ గురించి మీరు అడగలేదు, ఎవరైనా సూచించవచ్చు కాబట్టి చెబుతున్నాను. కాలి బలం తగ్గకుండా, నరం ఒత్తుకోకుండా, డిస్క్ బల్జ్ ఒక్కదానికే ఆపరేషన్ అంటే రెండో అభిప్రాయం తీసుకోండి. అరిగిన మోకాలిని దుర్బిణీతో శుభ్రం చేసే ఆర్థ్రోస్కోపీని 2002లో 180 మందిలో ఉత్తుత్తి ఆపరేషన్‌తో పోలిస్తే ఏ తేడా కనబడలేదు. మోకీలు మార్పిడి మంచి ఆపరేషనే, పూర్తిగా అరిగి, అన్నీ ప్రయత్నించాక చేసేది. మీరు దానికి చాలా దూరంలో ఉన్నారు.

ఇక మీ ప్రయాణం. వెళ్ళండి. నడవా పక్క సీటు అడగండి, లేవడానికి ఎవరినీ బతిమాలక్కర్లేకుండా. అరగంటకోసారి లేచి బోగీలో ఇటు చివరి నుంచి అటు చివరికి నడవండి. నొప్పి మొదలయ్యేదాకా ఆగకుండా ముందే లేవాలి, ఫోన్‌లో అలారం పెట్టుకోండి. నడుము వెనకాల పెట్టుకోవడానికి ఒక చిన్న దిండో, మడిచిన తువ్వాలో చాలు. పెట్టె చక్రాలున్నది తీసుకోండి, పైకి ఎత్తి పెట్టడానికి పక్కవాళ్ళ సాయం అడగండి. బిళ్ళ వేసుకోవాల్సి వస్తే ఖాళీ కడుపుతో వద్దు, డాక్టరును అడిగి ఏది, ఎన్నింటికి అన్నది ముందే తేల్చుకోండి. నెల టైముంది కాబట్టి ఈలోపు రోజూ కూర్చునే సమయాన్ని, నడిచే సమయాన్ని కొంచెం కొంచెంగా పెంచుకుంటూ రండి.

వెళ్ళాక మొదటి రోజు నొప్పి పెరగొచ్చు. అలా జరుగుతుందని ముందే అనుకుని ఆ రోజున పెద్ద పనులేవీ పెట్టుకోకండి. వేడి నీళ్ళ సంచీ పెట్టుకోండి, కానీ మంచం మీదే ఉండిపోకుండా మీ నడకలో సగమైనా నడవండి. రెండు మూడు రోజుల్లో మళ్ళీ మీ లెక్కకు వచ్చేస్తారు. రుమటాలజిస్ట్ అపాయింట్‌మెంట్ మాత్రం ప్రయాణం అయ్యాక చూద్దామనుకోకండి. ఈ వారమే తీసుకోండి. పొద్దున బిగుతు గురించి రాసుకున్న కాగితాన్ని లోపలికి వెళ్ళగానే వాళ్ళ చేతికివ్వండి. ఎమ్మారై రిపోర్టు వాళ్ళు అడిగాక చూపించవచ్చు.